‘ఇష్టం’ అని రాసిన పదకొండు చీటీలు

2023 జూన్‌లో మొదలైన సంగతి ఇది. బాన్సువాడలో కాలేజీకి పోయే దారిలో మాకొక జిరాక్స్ షాపు ఉంది. రెండు జిరాక్స్ మిషన్లు, ఒక ప్రింటరు, వెనక గదిలో బైండింగ్ బల్ల, ఇనుప ప్రెస్సు. మా ఆయన నిజామాబాద్‌లో బైండింగ్ నేర్చుకుని వచ్చి పెట్టిన షాపు. ఆయన ఆఫీసుల ఆర్డర్ల కోసం బయట తిరుగుతాడు కాబట్టి మిషన్ల దగ్గర ఉండేది నేనే. నా చదువు ఐదో తరగతి. పద్నాలుగేళ్లుగా వేరేవాళ్లు రాసినవి కుట్టి అట్టలు వేస్తున్నాను. సొంతంగా రాద్దామని కూర్చుంటే మొదటి వాక్యమే నాలుగుసార్లు కొట్టేశాను. నేను రాసింది ఎవరైనా చదువుతారా అని భయంగా ఉంది. చదువుతారేమో అని ఇంకా భయంగా ఉంది.

మా షాపుకు ఎక్కువగా ఆధార్ కార్డులు, పట్టా పాసుపుస్తకాలు, పిల్లల రికార్డు బుక్కులు వస్తాయి. పీహెచ్‌డీ పని మాకు రాదు. అది హైదరాబాద్‌లో, నిజామాబాద్‌లో చేయించుకుంటారు. శ్రావణి మాత్రం మా దగ్గరికే వచ్చింది. ఆమెది బిచ్కుంద దగ్గర పల్లె. తల్లి కూలికి పోతుంది, తండ్రి లేడు. యూనివర్సిటీలో హాస్టల్ గడువు అయిపోయి ఇంటికి వచ్చేసింది. ఇంట్లో కరెంటు ఉంటే చోటు ఉండదు, చోటు ఉంటే కరెంటు ఉండదు అని నవ్వుతూ చెప్పింది. పెద్ద సంచి నిండా వ్యాసాలు తెచ్చి, ఒక్కోటి రెండేసి కాపీలు తీయమంది. ఒకటి దాచుకోవడానికి, ఒకటి కోయడానికి.

కోయడానికి జిరాక్స్ తీసుకునేవాళ్లను నేను అంతవరకు చూడలేదు.

ఆమె చదువు వరి నాట్లు వేసే ఆడకూలీల మీద. పీహెచ్‌డీ పుస్తకంలో ‘లిటరేచర్ రివ్యూ’ అని ఒక అధ్యాయం ఉంటుందట. ఆ విషయం మీద ఇంతకుముందు ఎవరెవరు ఏం రాశారు, ఏం రాయకుండా వదిలేశారు అని చెప్పే అధ్యాయం. మొదటిసారి రాసినప్పుడు ఫలానా ఆయన ఇలా అన్నాడు, ఫలానా ఆమె అలా అంది అని వరుసగా రాసుకుంటూ పోయిందట. పెళ్లిపిలుపుల లిస్టు లాగా ఉంది అని గైడు సారు వెనక్కి పంపాడు. గైడు అంటే ఆ పరిశోధనకు పెద్దదిక్కుగా ఉండే ప్రొఫెసరు. ఆయన సంతకం లేకుండా పుస్తకం యూనివర్సిటీ గడప తొక్కదు. ఆమెకు చివరి గడువు డిసెంబరు. అది దాటితే పేరు కొట్టేస్తారు. ఏడేళ్ల చదువు పోతుంది.

అందుకని ఆమె వేరే దారి పట్టింది. మనుషులను కలిసి, వాళ్ల మాటలు రికార్డు చేసి, ఆ మాటల్లోంచి అర్థం తీసే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని ‘క్వాలిటేటివ్’ పద్ధతి అంటారు. ఊళ్లలో తిరిగేటప్పుడు ఆమె అది నేర్చుకుంది. అదే పద్ధతిని కాగితాల మీద పెట్టింది.

“గీ వ్యాసాలు గూడ మనుషులే అనుకో అక్కా,” అంది. “ఒక్కొక్కల్లను కూసోబెట్టి అడగాలె. నువ్వేమన్నవ్, ఎందుకన్నవ్, నీకెవలు చెప్పిండ్రు అని.”

షాపు వెనక గదిలో బైండింగ్ బల్ల సగం ఆమెకిచ్చాను. పొద్దున బస్సులో వచ్చేది, సాయంత్రం బస్సులో పోయేది. ఒక్కో వ్యాసం చదివేది. పనికొచ్చే పేరా దగ్గర కత్తెర పెట్టి కోసి, పాత క్యాలెండర్ అట్ట ముక్క మీద అంటించేది. వెనక పెన్సిల్‌తో ఆ వ్యాసం నంబరు వేసేది. పైన తెలుగులో ఒకటి రెండు మాటల పేరు రాసేది. ‘నడుము నొప్పి’, ‘పసిపిల్లలు’, ‘మేస్త్రీ’, ‘వలస’, ‘ఇష్టం’. ఆ పేరును ‘కోడ్’ అంటారు. ఒకే కోడ్ ఉన్న చీటీలన్నీ ఒక కట్టగా పెట్టి, ఆ కట్ట మొత్తం కలిపి ఏం చెబుతోందో చూడాలి. అలా తేలిన సంగతిని ‘థీమ్’ అంటారు. ఒక్కో కట్ట మీద తనకేమనిపించిందో వేరే కాగితం మీద రాసి పెట్టుకునేది. ‘మెమో’ అనేది దాన్ని.

వ్యాసాలు చాలావరకు ఇంగ్లీషు. కోడ్ మాత్రం తెలుగు కాబట్టి కట్టలు కట్టే పని నేను పట్టాను. గిరాకీ లేనప్పుడు చేతులు ఊరికే ఉండటం నాకు చేతకాదు. కొన్ని చీటీలు ఆమె తెలుగులో చదివి వినిపించేది. నాట్లు వేసే ఆడవాళ్లకు నడుము నొప్పి ఎక్కువ అని ఒకాయన రాశాడని చదివితే, ఇది కనిపెట్టడానికి ఆయనకు ఎన్నేళ్లు పట్టింది అని అడిగాను. ఆమె పడీపడీ నవ్వింది. నేను పెళ్లికి ముందు మా ఊళ్లో ఎనిమిదేళ్లు నాట్లు వేశాను. అది ఆమెకు చెప్పాను.

తప్పు జూలైలో చేశాను. జిరాక్స్ షాపువాళ్లు తప్ప వేరేవాళ్లు చేయని తప్పు.

మా దగ్గర ఒక అలవాటు ఉంటుంది. బైండింగ్‌కు ముందు కాగితాలన్నీ ఒకసారి తిప్పి డబుల్ వచ్చినవి తీసేస్తాం. మిషన్ మీద కాపీల అంకె రెండు దగ్గర ఉండిపోతే ప్రతి పేజీ రెండొస్తుంది. ఒకే వ్యాసాన్ని ఒకసారి పుస్తకంలోంచి, ఇంకోసారి ఫోన్‌లోంచి తెచ్చేవాళ్లూ ఉంటారు. అప్పుడు అక్షరాల సైజు వేరుగా ఉంటుంది, లోపల మాటలు మాత్రం అవే. నాకు ఇంగ్లీషు రాదు. అక్షరాలు గుర్తుపడతాను. మొదటి నాలుగు మాటలు పక్కపక్కన పెట్టి చూస్తే డబులో కాదో చెప్పేయగలను.

‘ఇష్టం’ కట్టలో పదకొండు చీటీలు ఉన్నాయి. పదకొండింటిలోనూ ఒకే వాక్యం కనిపించింది. మధ్యలో ఒక మాట పక్కకు వంగిన అక్షరాల్లో ఉంది. కూడబలుక్కుని చదివితే ‘గుత్త’ అని వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మన మాట. పాపం పిల్ల డబ్బు పోసి ఒకే వ్యాసాన్ని పదకొండుసార్లు తీయించుకుంది అనుకున్నాను. బాగున్నదాన్ని ఒకటి ఉంచి, మిగతా పది రఫ్ కాగితాల డబ్బాలో వేశాను.

మర్నాడు ఆమె కట్ట లెక్క చూసి అడిగింది. డబుల్ వచ్చినవి తీసేశానని చెప్పాను. పరుగున పోయి డబ్బా కింద బోర్లించింది. అప్పటికే రెండు అట్టల మీద మా ఆయన గమ్ము బ్రష్ ఆరబెట్టాడు.

“డబుల్ ఎట్లయితయ్ అక్కా? ఎనక నంబర్ చూడొద్దా? ఒక్కొక్కటి ఒక్కొక్కల్లు రాసింది.”

నేను తలవంచుకున్నాను. ఒక మాట మాత్రం అడిగాను. వేరువేరు వాళ్లు రాస్తే మాటలు పొల్లు పోకుండా అవే ఎట్లా ఉన్నాయి అని.

ఆమె కింద కూర్చునే ఉంది. చీటీలు నేల మీద పరిచింది. ఒకటి చదివింది, ఇంకోటి చదివింది. ఒక్కొక్క వ్యాసం చదివినప్పుడు అందరూ ఇదే అంటున్నారు కాబట్టి నిజమే అయి ఉంటుంది అనుకుందట. ఒక్కచోట పెట్టి ఎప్పుడూ చూడలేదు.

ఆ వాక్యం ఇది: వరి ప్రాంతాల్లో ఆడకూలీలు రోజుకూలి కంటే గుత్తనే ఇష్టపడుతున్నారు, అది వాళ్లకు స్వేచ్ఛ ఇస్తుంది. గుత్త అంటే ఎకరానికి ఇంత అని మాట్లాడుకుని గుంపంతా కలిసి నాటేయడం.

అక్కడి నుంచి ఆమె పని పోలీసు పని అయింది. ప్రతి వ్యాసం చివర ఎవరి దగ్గర నుంచి తీసుకున్నారో రాసి ఉంటుంది. పదకొండోది తొమ్మిదోదాన్ని చూపించింది. తొమ్మిదోది నాలుగోదాన్ని. ఇలా వెనక్కి పోతూ పోతూ ఉంటే ఆగస్టులో ఒక పాత రిపోర్టు దగ్గర ఆగింది. ఆ పదకొండు మందిలో ఒక్కరు కూడా సొంతంగా ఏ కూలీనీ అడగలేదు. అడిగింది ఆ రిపోర్టు రాసినాయన ఒక్కడే. ఆమె స్నేహితురాలు యూనివర్సిటీ లైబ్రరీలో ఆ పేజీలు ఫోన్‌తో తీసి పంపింది. నేనే ప్రింట్ తీశాను. శ్రావణి నిలబడే చదవడం మొదలుపెట్టింది, తెలుగు చేసుకుంటూ.

బాన్సువాడ దగ్గర కాలువ పక్క ఒక క్యాంపులో, అంటే కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల ఊళ్లో, ‘ఫోకస్ గ్రూప్’ పెట్టామని రాశారు. ఫోకస్ గ్రూప్ అంటే కొంతమందిని ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడించడం. పద్నాలుగు మంది ఆడవాళ్ల గుంపు. అందులో ఐదో తరగతి చదివిన ఒక యువతి అందరి తరఫున చెప్పింది: “గుత్తే మాకిష్టం. మా పని మేం చేసుకుని పగటీలికి ఇంటికి పోతం.”

నేను మిషన్ ఆపేశాను.

మా గుంపులో ఐదో తరగతి చదివింది నేనొక్కదాన్నే.

ఆ రోజు శ్రావణికి ఏమీ చెప్పలేదు. తలనొప్పి అని షాపు మూశాను. మూడో రోజు ఆమె మెమో రాసుకుంటూ ఉంటే ఎదురుగా కూర్చుని చెప్పేశాను, ఆ మాట అన్నది నేనే అని.

ఆ మాట అన్న రోజు సంగతి చెబుతాను. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. మా ఊరి నుంచి మేం క్యాంపుకు నాట్లకు పోయేవాళ్లం. అంతకుముందు రోజుకూలి ఉండేది. ముసలమ్మ వచ్చినా, బాలింత వచ్చినా రోజు రోజే. గుత్త వచ్చాక ఎన్ని ఎకరాలు నాటితే అంత. నెమ్మదిగా నాటే మనిషి గుంపులో ఉంటే అందరికీ నష్టం. ఆసామి ఎవరినీ వద్దనక్కర్లేదు, మేమే వద్దనేవాళ్లం. ముందు ఇద్దరు ముసలమ్మలను వదిలేశాం.

మా వదిన, అంటే మా అన్న భార్య, అప్పుడు ఐదో నెల గర్భిణి. చెబితే గుంపులోంచి తీసేస్తారని కొంగు గట్టిగా చుట్టుకుని వచ్చేది. నా పక్క మునుం, అంటే నాటే వరుస, ఆమెది. నేను తొందరగా నాటుతానని పేరు. ఆమె నాతో సమానంగా రావాలని వంగిన నడుము ఎత్తేది కాదు. ఒకరోజు మడిలోనే కూలబడింది. మా అన్న ఆటోలో బాన్సువాడ దవాఖానకు తీసుకొచ్చాడు. కడుపు నిలబడలేదు. వారం తిరక్కుండా మళ్లీ మడిలోకి వచ్చింది.

అది జరిగి నెల కూడా కాలేదు, రిపోర్టు సారు వచ్చాడు. కూర్చోబెట్టి మాట్లాడించామని రాశాడు. మమ్మల్ని కూర్చోబెట్టలేదు. నిలబెట్టారు. ఆసామి ఇంటి ముందు, కాళ్లకు బురదతో, వరుసగా. సారు కుర్చీలో, ఆసామి పక్క కుర్చీలో. ఆసామి చెడ్డమనిషి కాదు, మాకు టీ కూడా పెట్టించాడు. మీలో చదువుకున్న పిల్ల ఎవరమ్మా, సారుకి చక్కగా చెప్పు అన్నాడు. పద్నాలుగు మందిలో నన్ను పిలిచినందుకు నాకు గర్వంగా అనిపించింది. అది దాచను.

“మీకు గుత్తే ఇష్టం కదమ్మా?” అని అడిగాడు ఆసామి. సారు అడగాల్సింది ఆయనే అడిగాడు.

ఇష్టమే అన్నాను. మర్నాడు మళ్లీ ఆ పొలంలోకే పోవాలి. పగటీలికి ఇంటికి పోతం అన్న రెండో మాట ఎవరూ అడగలేదు. వినడానికి బాగుంటుందని నేనే కలిపాను. మధ్యాహ్నానికి ఏనాడూ ఇల్లు చేరలేదు. ఒక మడి అయితే ఇంకో మడికి పోయేవాళ్లం. వదిన నా పక్కనే నిలబడి ఉంది. నా ముఖం చూడలేదు, నేల చూసింది.

ఇదంతా విని శ్రావణి ఏడుస్తుందనుకున్నాను. ఆమె కళ్లు మెరిశాయి. అప్పుడు నాకు కొంచెం కష్టంగా అనిపించింది. తర్వాత అర్థం చేసుకున్నాను. వెతుకుతున్నది దొరికినప్పుడు మనిషి కళ్లు అలాగే ఉంటాయి. అందరూ రాసింది ఎక్కడి నుంచి వచ్చిందో దొరికింది, ఆ మాట అన్న మనిషీ దొరికింది, ఇంతకంటే ఏం కావాలి అంది. వదిన దగ్గరికి తీసుకుపొమ్మంది.

వదిన ఇప్పుడు పొలానికి పోదు. నడుము లేవదు. ఇంట్లో బీడీలు చుడుతుంది. మేం పోయేసరికి వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. శ్రావణి ఫోన్ రికార్డింగ్ పెట్టి కింద కూర్చుంది. వచ్చిన పని చెప్పాను. నేనన్న మాట పుస్తకాల్లోకి ఎక్కిందని, పదకొండు మంది దాన్ని రాసుకున్నారని చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. ఆకు కత్తిరించడం, పొగాకు పెట్టడం, చుట్టడం.

“నీ నోరు ఎంత దూరం పోయింది అనసూయా,” అంది. “నువ్వు మాత్రం జిరాక్సు కొట్లనే ఉన్నవ్.”

తర్వాత శ్రావణి వైపు తిరిగింది. “నేను చెప్తె రాస్తవా? ఊకె ఇని పోయేటట్టుంటె చెప్ప. బీడీలు తక్కువవడ్తయ్.”

“రాస్త వదినా. గందుకే వచ్చిన,” అంది శ్రావణి.

వదిన చెప్పింది. ఎక్కువేం చెప్పలేదు. కొంగు ఎంత గట్టిగా కట్టుకునేదో చెప్పింది. మడిలో నీళ్ల రంగు మారడం ముందు తనే చూసిందని, మునుం అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదని చెప్పింది. ఈ సంగతి నాకూ తెలియదు. పక్క మునుంలో ఉన్నాను, నాకు తెలియదు.

“ఇష్టమట,” అని చిన్నగా నవ్వింది చివర్లో. “ఇష్టమైతె గట్ల జేస్తమా.”

సెప్టెంబరులో శ్రావణి అధ్యాయం పూర్తి చేసింది. ‘ఇష్టం’ అనే థీమ్ కింద ఆరు పేజీలు. పదకొండు వ్యాసాలు ఒకదాన్నొకటి ఎలా చూసి రాశాయో చెట్టు బొమ్మ గీసింది. కొమ్మలన్నీ ఒకే మొదలుకు పోతాయి. ఆ మొదలు దగ్గర ఏం జరిగిందో నా మాట, వదిన మాట పెట్టింది. నాకు చదివి వినిపించి, గైడు సారుకు పంపింది. నేను చూసిన పుస్తకాల్లో అంత నిజమైన పేజీలు లేవు.

గైడు సారు ఫోన్ చేసిన రోజు మేమిద్దరం గమ్ము చేతులతో ఉన్నాం. ఆమె మోచేత్తో స్పీకర్ నొక్కింది. అందుకే నేనూ విన్నాను. ఆయన తిట్టలేదు. మెల్లగానే మాట్లాడాడు. మెల్లగా మాట్లాడితే జవాబు చెప్పడం కష్టం. రివ్యూలో అచ్చయిన వాటినే పెట్టాలన్నాడు. మాట్లాడించడానికి కమిటీ అనుమతి ఏదీ, ఆ ఊరు నీ లిస్టులో ఉందా అన్నాడు. చివరికి అసలు మాట అన్నాడు.

“ఆ పదకొండులో ఏడోది ఎవరిదో చూశావా అమ్మా?”

“చూసిన సార్. మీది.”

“పదోది రాసినాయన నీ పుస్తకం దిద్దడానికి రావచ్చు. అందరం చూసి రాశామని నువ్వు రాస్తే, రేపు నీ పుస్తకం ఎవరు చూస్తారు? డిగ్రీ రానీ. తర్వాత వ్యాసం రాసుకో, నేనే పత్రికవాళ్లకు ఒక మాట చెబుతాను. ఈ జిరాక్స్ షాపామె సంగతి మాత్రం తీసెయ్.”

“సరే సార్,” అంది శ్రావణి.

ఆ ‘సరే’ నాకు బాగా తెలిసిన గొంతులో వచ్చింది.

ఆమె రెండు వారాలు షాపుకు రాలేదు. వచ్చినప్పుడు ఆరు పేజీలు అర పేజీ అయ్యాయి. బొమ్మ లేదు, వదిన లేదు, నేను లేను. చివరి ప్రింటు నేనే తీశాను. మిషన్‌లోంచి వస్తున్న పేజీల మీద పక్కకు వంగిన ఆ మాట కోసం చూశాను. దొరికింది. ఏం రాశావని అడిగాను. ఎక్కువమంది పరిశోధకుల ప్రకారం ఆడకూలీలు గుత్తనే ఇష్టపడుతున్నారు అని రాసిందట. దాని కింద పదకొండు పేర్లు. ఒకరినొకరు చూసి రాశారని ఆమె కనిపెట్టిన పదకొండు పేర్లే ఇప్పుడు పదకొండు సాక్ష్యాలయ్యాయి.

ఆ ఒక్క వాక్యమన్నా తీసెయ్యొచ్చు కదా అన్నాను.

“గది లేకుంటె సార్ సంతకం వెట్టడక్కా. డిసెంబర్ వచ్చింది. మా అమ్మ ఇంక ఎన్నేండ్లు వంగుతది చెప్పు.”

ఆమె తల్లి ఆ ఏడు కూడా నాట్లకు పోయింది, గుత్తకే.

ఐదు కాపీలు హార్డ్ బైండింగ్ వేశాం. దారంతో కుట్టి, నల్ల రెగ్జిన్ అంటించి, మీద బంగారు రంగు అక్షరాలు కొట్టి, ప్రెస్సులో రెండు రోజులు బిగించాలి. కుట్టేటప్పుడు ఆ పేజీ నా చేతిలోకి ఐదుసార్లు వచ్చింది. తీసేస్తే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. చినిగిందంటే చాలు. తీయలేదు. బైండరు పేజీ తీయకూడదు. మా పనిలో నేర్చుకున్న మొదటి సంగతి అది. నా అబద్ధాన్ని నా చేతులతోనే ఐదు పుస్తకాల్లో కుట్టాను.

పుస్తకాలు తీసుకుపోవడానికి శ్రావణి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి కొత్త చీర కట్టుకుంది. ఒక పుస్తకం తీసి బిడ్డ పేరు ఎక్కడుందని అడిగింది. చూపిస్తే వేలితో తడిమింది. అప్పుడు శ్రావణి నన్ను అడిగింది.

“నా మీద కోపమా అక్కా?”

తల్లి నవ్వుతూ నన్నే చూస్తోంది.

కోపమేం లేదమ్మా అన్నాను. పక్కన ఎవరు నిలబడి ఉన్నారో చూసుకుని జవాబు చెప్పడం నాకు అలవాటే.

ఆమెకు డిగ్రీ వచ్చింది. ఇప్పుడు ఒక కాలేజీలో పాఠాలు చెబుతోంది. పండక్కి ఫోన్ చేస్తుంది. రాస్తానన్న వ్యాసం సంగతి నేను అడగను, ఆమె చెప్పదు. ఆమెను తప్పుపట్టడానికి నాకు అర్హత లేదు అని రాసి కొట్టేశాను. అర్హత ఉన్నా లేకపోయినా కోపం ఉంది. ఆమె మీద ఉన్నదానికంటే నా మీద ఎక్కువ ఉంది.

ఈ పనిలో నేను తెలుసుకున్నది ఒకటే. కాగితం మీద ఒక మాట కనిపిస్తే, ఎంతమంది రాశారని చూడకూడదు. మొదట ఎవరిని అడిగారు, అడిగినప్పుడు పక్కన ఎవరున్నారు అని చూడాలి. ఇది నాకు నేర్పింది శ్రావణే. ఆ పద్ధతి ఆమెకు నాకంటే బాగా తెలుసు.

పోయిన నెల వదిన దగ్గరికి పోయాను. బీడీలు చుడుతూనే అడిగింది, ఆ పిల్ల రాసిందా అని. వాకిట్లో మేమిద్దరమే ఉన్నాం. రాసింది అని చెప్పడం చాలా తేలిక. ఆమెకు చదవడం రాదు కదా.

“రాయలేదు వదినా,” అన్నాను.

ఆమె ఇంకో నాలుగు బీడీలు చుట్టింది.

“గంత సదువు సదివిన పిల్ల రాయకపాయె,” అంది. “నువ్వు ఐదు సదివినవ్ గద. నువ్వేం జేస్తున్నవ్?”

నేను రాస్తే పేరు మార్చి రాస్తానన్నాను. ఎందుకు మార్చాలి, నాకేం సిగ్గు అంది.

ఆమె పేరు గంగమణి. ఆ రోజు వరుసలో నా ఎడమ పక్కన నిలబడింది ఆమే. ఎవరూ ఆమెను అడగలేదు. గుత్త ఆమెకు ఇష్టం కాదు. నాకూ ఇష్టం కాదు. ఇష్టమే అన్నది నేను, అది అబద్ధం.